లాంచీ పటేలు తోడిన నీళ్లు

జగన్మోహన్ పటేలుకు లాంచీ కొన్నప్పటి నుంచి వెనక్కి తిరిగి చూసే అలవాటు తప్పిపోయింది. ముందుకు చూడడానికే తీరిక చాలడం లేదాయె. ముందర గోదావరి ఉంది. గోదావరి ఒడ్డు పొడుగునా పలుగురేవు పంచాయతీకి చెందిన గూడేలున్నాయి. గూడేల్లో ఓట్లున్నాయి. ఆ ఓట్ల అవతల సర్పంచి కుర్చీ ఉంది. వెనక ఏముందని చూడాలి? లాంచీ లేపిన అలలు తప్ప ఇంకేమీ లేవు.

లాంచీ అంటే ఏదో ఊహించుకునేరు. వెదురు తెప్పలు లాగే కాంట్రాక్టరు ఒకడు వాడి వాడి వదిలించుకున్న ఇంజను పడవ అది. జగన్మోహన్ దాన్ని కొని, నీలిరంగు వేయించి, ముక్కు మీద తన పేరు తెల్లటి అక్షరాలతో రాయించి, నడుమ ఒక మెత్తల కుర్చీ బిగించాడు. ఇంజను మొదలైతే చాలు, ఒడ్డున ఉన్న కొంగలన్నీ లేచి మహారాష్ట్రలోకి పోయేవి. మహాదేవపూర్ నుంచి సిరివంచ దాకా ఇంత చప్పుడు చేసే వస్తువు ఇంకోటి లేదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఊరివాళ్లు ఆయనను లాంచీ పటేలని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపులో మర్యాద పాలెంత, వెటకారం పాలెంత అని తూచి చూసుకునే మనిషి కాదు జగన్మోహన్. సంతోషంగా పలికేవాడు.

ఆయన బలహీనత ఒక్కటే. జిందాబాదంటే చెవి కోసుకుంటాడు. అరవై తొమ్మిదిలో హన్మకొండలో చదువుకునే రోజుల్లో ప్రత్యేక తెలంగాణ ఊరేగింపులో ముందు నడిచి, లాఠీదెబ్బ తిని, జైల్లో కూర్చుని వచ్చాడు. విడుదలైన నాడు గేటు బయట జనం ఆయన పేరు పెట్టి జిందాబాద్ కొట్టారు. దెబ్బ ఎప్పుడో మానింది గానీ ఆ కేక మాత్రం చెవిలోంచి పోలేదు. తర్వాత పెళ్లి చేసుకున్నాడు, మిరపతోట వేశాడు, వడ్లు అమ్మాడు. వీటిలో దేనికీ ఎవరూ జిందాబాద్ అనలేదు. ఎనభై ఒకటిలో పంచాయతీ ఎన్నికలు వచ్చేసరికి ఆయన చెవి మళ్లీ దురద పెట్టింది. పోటీకి దిగింది స్వయానా పెదనాయన కొడుకు వెంకట్రాం. నవ్వుతూ నవ్వుతూనే మనిషిని నట్టేట ముంచే రకం.

పలుగురేవుకు పాత కట్టుబాటు ఒకటి ఉంది. పెద్ద పడవ చిన్న పడవను దాటిపోవలసి వస్తే జోరు తగ్గించాలి. "పోతున్నం, జర పైలం!" అని కేకేయాలి. చిన్న పడవలోవాళ్లు "పోండ్రి!" అన్నాకనే పోవాలి. ఆ మర్యాద పాటించక, లేపిన అలకు అవతలి పడవలో నీళ్లు పడితే, ఆ నీళ్లు తోడవలసింది అల లేపినవాడే. తన చేతులతోనే తోడాలి. జీతగాణ్ని పంపితే చెల్లదు. తడిసినవాళ్లు తోడుకోకూడదు. ఒకప్పుడు పెళ్లిపడవ ఒకటి ఎవరిదో చిన్న పుట్టిపడవను తడిపితే, పెళ్లికొడుకే పట్టుపంచె ఎగగట్టి నీళ్లన్నీ తోడి, ఆ తర్వాత పీటల మీద కూర్చున్నాడట. ఇదంతా తెడ్ల కాలం నాటి ముచ్చటనీ, ఇంజన్లకు అంటదనీ జగన్మోహన్ తీర్పు చెప్పాడు.

లాంచీ నడిపే ఐలయ్య కొత్తలో అడిగేవాడు.

"పటేలా, ఎదురుంగ పడవ వస్తున్నది. జర స్లో చెయ్యాల్నా?"

"ఎందుకురా? మనం వాళ్లకు కనబడ్తలేమా ఏంది?"

కనబడకేం, అల్లంత దూరం నుంచే కనబడేవాళ్లు. ఐలయ్య కొన్నాళ్లకు అడగడం మానేశాడు. జీతం ఇచ్చేవాడితో వాదన పెట్టుకుని ఎవరు బాగుపడ్డారు?

జగన్మోహన్ భార్య సుమిత్ర పుట్టిల్లు గోదావరి అవతల. అన్న కొడుక్కి పుట్టువెంట్రుకలు తీస్తున్నారని వెళ్లింది. తిరిగి వచ్చే నాటికి లాంచీ పంపమని కబురు చేసింది. "లాంచీ ప్రచారంల ఉన్నది, ఓదెమ్మ పడవల రమ్మను" అని జగన్మోహన్ తిరుగు కబురు చేశాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. ఊరంతా ఓదెమ్మ పడవలోనే దాటుతుంది. మొగుడు పోయినప్పటి నుంచి ఓదెమ్మే గడ పట్టి నడుపుతోంది. ఆమె నోరు ఎంత పెద్దదో చెయ్యి అంత నమ్మకమైనదని రేవులో పేరు. కబురు చేసిన సంగతి జగన్మోహన్ ఆ పూటకే మరిచిపోయాడు, అదీ అసలు చిక్కు.

ఆ మధ్యాహ్నం లాంచీ ఎగువ గూడెం నుంచి దిగి వస్తోంది. జగన్మోహన్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, తెల్లలాల్చీ గాలికి ఉబ్బుతుంటే, ముక్కు దగ్గర నిలబడ్డాడు. నది నడుమ ఓదెమ్మ పడవ కనబడింది. నిండా జనం, ఎక్కువమంది ఆడవాళ్లే. లాంచీ ఆగలేదు, తగ్గలేదు, పక్కనుంచి సర్రున దూసుకుపోయింది. పడవలో వాళ్లంతా ఒక్కసారిగా చేతులెత్తారు. నోళ్లు తెరిచి అరుస్తున్నారు. ఇంజను మోతలో ఒక్క ముక్క వినబడలేదు గానీ, వినబడవలసిన అవసరం జగన్మోహన్‌కు తోచలేదు. ఎత్తిన చేతులు, తెరిచిన నోళ్లు! జైలు గేటు ముందు చూసినవి మళ్లీ ఇన్నాళ్లకు చూస్తున్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి. రెండు చేతులూ జోడించి, తల వంచి, పళ్లన్నీ కనబడేటట్టు నవ్వుతూ నమస్కారం పెట్టాడు.

వాళ్లు ఇంకా గట్టిగా అరిచారు.

"ఐలయ్యా, తిప్పు! ఇంకో చుట్టు తిప్పు! పాపం, వాళ్లకు తనివి తీరినట్టు లేదు!"

ఐలయ్య తిప్పాడు. ఈసారి మరింత దగ్గరగా పోయారు. పడవలో వాళ్లు ఇప్పుడు వంగి అంచులు పట్టుకుని ఉన్నారు. ఒంగి దండం పెడుతున్నారనుకున్నాడు జగన్మోహన్. ఎవరో ఒకామె రాగిచెంబు విసిరింది. అది లాంచీకి తగిలి ఠంగుమని నీళ్లలో పడింది. పూలు దొరకలేదు కాబోలు అనుకుని ఆమెకు విడిగా ఒక నమస్కారం పెట్టాడు. అక్కడి నుంచి లాంచీ దిగువ గూడేనికి పోయింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

పొద్దు వాలుతుండగా ఇంటికి వస్తే ఇంట్లో దీపం లేదు. వాకిట్లో అరుగు మీద వెంకట్రాం కూర్చుని పల్లీలు తింటున్నాడు. ఎన్నికలు మొదలైనప్పటి నుంచి ఆ గడప తొక్కని మనిషి.

"అన్నా, మంచి పని చేసినవే. మా ఓట్లన్ని ఒక్క చుట్టుల తడిపినవు. ఇంకో చుట్టు మీ ఓట్లకు కొట్టినవు."

"ఏం కూస్తున్నవురా?"

"వదిన రేవుల ఉన్నది. పాణం మంచిగనే ఉన్నది, పరేషాన్ కాకు. కోపమే జర ఎక్కువున్నది."

జగన్మోహన్ చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకు ఉరికాడు.

ఓదెమ్మ పడవ ఒడ్డు పక్కన, మోకాలిలోతులో, కడుపునిండా నీళ్లతో కూర్చుని ఉంది. ఓదెమ్మ ఎట్లాగో ఒడ్డు దాకా తెచ్చింది గానీ, చివర అందరూ నీళ్లలో దిగి నడిచారు. సుమిత్ర ఓదెమ్మ గుడిసె ముందర ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. ఒంటి మీద ఓదెమ్మ చీర. తన చీర దండెం మీద ఆరుతోంది.

"దెబ్బలేమన్న తగిలినయా?" అన్నాడు జగన్మోహన్.

సుమిత్ర ఆయన ముఖం చూడలేదు. నీళ్లు నిండిన పడవనే చూస్తూ చెప్పింది.

"నేను పిలిచిన."

"ఎవర్ని?"

"నిన్నే. పేరు పెట్టి పిలిచిన."

ఆ ఊళ్లో ఏ ఇల్లాలూ మొగుడి పేరు పలకదు. సుమిత్ర మరీనూ. జనాభా లెక్కలవాళ్లు వచ్చి ఇంటి యజమాని పేరు అడిగితే, పక్కింటామెను పిలిచి చెప్పించిన మనిషి. బువ్వకు పిలవాలన్నా "ఇగో", బయటి నుంచి వస్తే "వచ్చినవా", అంతే. ఇన్నేళ్ల కాపురం ఆ రెండు మాటల మీదే నడిచింది.

"నీళ్లు మోకాళ్ల దాక వచ్చినయ్. ఇగ ఖతమనుకున్న. నోట్లకెళ్లి నీ పేరే వచ్చింది. ఇంత గట్టిగ వచ్చింది. పడవల అందరు విన్నరు. నువ్వేం చేసినవ్? నాకు నమస్తే పెట్టినవ్. నవ్వుకుంట పెట్టినవ్."

"ఇంజన్ మోతల వినబడలే…"

"కండ్లు కూడ మోత పెడ్తున్నయా?"

"నల్లద్దాలు పెట్టుకున్న…"

అన్నాక ఆ మాట ఎంత దిక్కుమాలినదో ఆయనకే తెలిసింది. ఓదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గుడిసెలోకి పోయింది. నవ్వు ఆపుకోవడానికేనని చెప్పనక్కర లేదు.

"సరే, అయిందేదో అయింది. ఇంటికి పా."

"వస్త. గా పడవల నీళ్లు తోడు. తోడి పిలువు. అప్పుడు వస్త."

తోడాలంటే ఎంతసేపు? కానీ తోడేది ఎవరు? పటేలు. ఎప్పుడు? రేపో మాపో ఓట్లు పడతాయనగా. ఎక్కడ? ఊరంతా వచ్చిపోయే రేవులో, గోచి బిగించి, వెంకట్రాం పల్లీలు తింటూ చూస్తుండగా. ఇజ్జత్ ఏం కావాలి? ఆ రాత్రి అన్నం వండుకోవడం రాక అటుకులు నానబెట్టుకుని తిని, పొద్దున్నే తన జీతగాడు దుర్గయ్యను డబ్బా ఇచ్చి పంపాడు. ఓదెమ్మ దుర్గయ్యకు చల్ల పోసి, మంచీచెడ్డా అడిగి, డబ్బాతో సహా వెనక్కి పంపింది.

"నీళ్లల్ల ఉంటే చెక్కకు మంచిదేనని చెప్పు పటేలుకు. నాకేం తొందర లేదు."

ఓదెమ్మకు తొందర లేదు గానీ ఊరికి ఉంది. ఉన్నది ఒక్క నాటుపడవ. అది రేవులో నీళ్లు తాగి పడుకుంది. అవతలి ఒడ్డున వారపు అంగడి ఉంది, చుట్టాలున్నారు, మిరపకాయ కొనే సేట్లున్నారు. వెంకట్రాం ఊరంతా తిరిగి ఒకటే మాట చెప్పాడు. "మా అన్న లాంచీ ఉండంగ మీకేం ఫికర్? మీ కోసమే కొన్నడు. పోయి ఎక్కుండ్రి."

ఓట్లకు నిలబడ్డ మనిషి లాంచీ ఎక్కొద్దని అనగలడా? ఎక్కారు. కుండలెక్కాయి, గంపలెక్కాయి, ఎండుచేపల బుట్టలెక్కాయి. ఎన్నడూ నది దాటి ఎరగని ముసలివాళ్లు కూడా, ఊరికే వస్తోంది కదా అని, అవతలి ఒడ్డు చూసి వస్తామని ఎక్కారు. మెత్తల కుర్చీలో వీరస్వామి మేకపోతు కూర్చుంది. దాన్ని దింపబోతే వీరస్వామి నొచ్చుకున్నాడు.

"మా ఇంట్ల ఓట్లు చానా ఉన్నయి పటేలా."

మేకపోతు అక్కడే ఉంది.

దీనికి తోడు ఐలయ్య మంచమెక్కాడు. జ్వరమని కబురు పంపాడు. అసలు సంగతేమిటంటే, ఆ నాడు చెంబు విసిరిన చిలుకమ్మ ఐలయ్య పెళ్లామే. ఇంకో చుట్టు తిప్పింది ఎవరో ఆమెకు బాగా తెలుసు. లాంచీ మీద మళ్లీ చెయ్యి పెడితే పొయ్యి మీద కుండ పెట్టనని చెప్పేసింది. ఆమె చెంబు పోయిన బాధ వేరే ఉంది. ఇక జగన్మోహనే చుక్కాని పట్టాడు. పొద్దున ఎక్కించుకుని పోవడం, సాయంత్రం దింపడం. ప్రచారం అటకెక్కింది. తెల్లలాల్చీ డీజిలు మరకలతో ఏ రంగో చెప్పలేని రంగుకు వచ్చింది. లాంచీలోంచి మేకల వాసన, ఆయన్లోంచి చేపల వాసన.

వీటన్నిటినీ ఓర్చుకునేవాడే. ఓర్చుకోలేనిది ఇల్లు. పొద్దుగూకి ఇంటికి పోతే "వచ్చినవా" అనేవాళ్లు లేరు. ఆ మాట ఇన్నాళ్లూ మాటగా కూడా లెక్కపెట్టలేదు. ఇప్పుడు గడప దాటుతూ ఒక్క క్షణం ఆగేవాడు, ఎవరైనా అంటారేమోనని. ఆమె మీద కోపం ఉందనుకున్నాడు. వెతికితే కోపం దొరకలేదు, బెంగ దొరికింది. రేవులో లాంచీ ఆపినప్పుడల్లా గుడిసె ముందు సుమిత్ర కనబడేది. ఓదెమ్మతో కలిసి వల బాగు చేయడం నేర్చుకుంటోంది. నవ్వుతోంది కూడా. తను లేకపోయినా ఆమె నవ్వగలగడం జగన్మోహన్‌కు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

అంగడినాడు లాంచీ నిండి పొంగింది. జనం, మిరప బస్తాలు, మేకలు. నీళ్లకు అంచుకు మధ్య జానెడు కూడా లేదు. చుక్కాని పక్కన ఈదమ్మ కూర్చుంది. ఆకుకూరలమ్మే ముసలామె, తాంబూలం నములుతూ ఊళ్లో ముచ్చట్లన్నీ చెబుతోంది. నడిగోదావరికి వచ్చేసరికి దిగువ నుంచి ఇంకో మోత వినబడింది. వెదురు కాంట్రాక్టరు కొత్త లాంచీ. తెప్పలు విప్పేసి ఖాళీగా, జోరుగా ఎగువకు వస్తోంది.

అప్పటిదాకా జగన్మోహన్ అలలను వెనక నుంచే ఎరుగును. ముందు నుంచి చూడడం ఇదే మొదలు. లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తాడు.

"స్లో చెయ్యి! ఓ భాయ్! జనమున్నరు! స్లో!"

అవతలి డ్రైవరు ఆయన్ను చూశాడు. చూసి, మెడలో తువ్వాల తీసి, ఉత్సాహంగా ఊపాడు. నవ్వాడు కూడా. జోరు తగ్గించకుండా పక్కనుంచి పోయాడు.

మొదటి అల లాంచీని ఎత్తింది. రెండోది లోపలికి వచ్చింది. మేకలన్నీ ఒకే పక్కకు ఒరిగాయి, బస్తాలు జారాయి, జనం గొల్లుమన్నారు. ఈదమ్మ రెండు చేతులతో పటేలు లాల్చీ పట్టుకుంది. అంచు నీళ్లను తాకింది. జగన్మోహన్‌కు సర్పంచి కుర్చీ గుర్తుకు రాలేదు, జిందాబాద్ గుర్తుకు రాలేదు.

"సుమిత్రా!" అని గొంతు చిరిగేలా అరిచాడు.

ఇంట్లో ఆయన ఆమెను "ఓయ్" అంటాడు. బయట "మా ఇంటామె" అంటాడు. ఆ పేరు ఆయన నోటి నుంచి వినడం లాంచీలో అందరికీ కొత్తే. అంత భయంలోనూ ఇద్దరు ముగ్గురు తల తిప్పి చూశారు.

లాంచీ మునగలేదు. రెండు మూడు ఊపులు ఊగి నిలబడింది. మేకపోతు మాత్రం కుర్చీతో సహా బోర్లాపడింది. పాదాలు మునిగేదాకా నీళ్లు. మిరప బస్తాలు తడిసి ఘాటు లేచింది, అందరూ తుమ్ముతున్నారు. కాంట్రాక్టరు లాంచీ అప్పటికే మలుపు తిరుగుతోంది. దాని డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తాడేమోనని జగన్మోహన్ అటే చూస్తూ నిలబడ్డాడు. వాడు చూడలేదు. ఎందుకు చూస్తాడు? వాడి పని వాడికి ముందర ఉంది.

ఈదమ్మ లాల్చీ వదిలి, ఊడిన కొప్పు ముడేసుకుంది.

"వాడు పాపం అంత మర్యాదగ తువ్వాల ఊపిండు. నువ్వన్న నమస్తే పెట్టకపోతివి పటేలా."

లాంచీ అంతా నవ్వింది. తుమ్ముతూ నవ్వింది. జగన్మోహన్‌కు నవ్వు రాలేదు. సిగ్గుతో చెవులు కాలాయి. ఆ పడవలో ఆడవాళ్లు ఎట్లా అరిచి ఉంటారో, తన జోడించిన చేతులు వాళ్లకు ఎట్లా కనబడి ఉంటాయో ఇప్పుడు తెలిసింది. లాంచీని వెనక్కి తిప్పి, ఇంజను బాగా తగ్గించి, ఎద్దులబండి నడకతో మళ్లీ పలుగురేవుకే చేర్చాడు.

ఈదమ్మ కూరల గంప కూడా దించుకోకుండా నేరుగా గుడిసె దగ్గరికి పోయి, సుమిత్ర చెవిలో సంగతంతా ఊదింది.

"మునిగేటప్పుడు నీ పేరే తీసిండమ్మా!"

సుమిత్ర వల పక్కన పెట్టింది.

"నిజంగనా? ఎట్ల తీసిండు?"

"గట్లిట్ల గాదు. మేకలు సుత బెదిరినయ్."

మర్నాడు పంచాయతీ సమితి ప్రెసిడెంటు ఊరికి వస్తున్నాడు. అన్నదమ్ములిద్దరిలో ఎవరి చెయ్యి ఎత్తి పట్టుకుంటే వాళ్లే సర్పంచి అని అందరికీ తెలుసు. రేవు పక్క మైదానంలో బల్లలు వేసి వేదిక కట్టారు. మైకు పెట్టారు. వెంకట్రాం పొద్దున్నుంచే దండ చేత పట్టుకుని తిరుగుతున్నాడు. జగన్మోహన్ ఉతికిన లాల్చీ, పంచెతో వచ్చాడు. జనం దారి ఇచ్చారు. వేదిక దాకా వచ్చి, వేదిక దాటి, నేరుగా నీళ్లలోకి దిగాడు. పంచె ఎగగట్టాడు.

"ఓదెమ్మా, తోడే డబ్బా యాడ పెట్టినవ్?"

"అయ్యో పటేలా, మీటింగు?"

"మీటింగు అదే అయితది. డబ్బా ఇయ్యి."

తోడడం మొదలుపెట్టాడు. పడవ అడుగున బురద, నాచు, చిన్న చిన్న చేపపిల్లలు. చేపపిల్లలను విడిగా ఏరి నదిలో వేశాడు. వేదిక ముందున్న జనం ఒకరొకరే లేచి రేవు వైపు వచ్చారు. సమితి ప్రెసిడెంటు కంటే పటేలు తోడడమే చూడదగ్గదిగా తోచింది వాళ్లకు. ఎంత తోడినా నీళ్లు తరగడం లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది.

"ఇన్ని నీళ్లెక్కడియి? నా లాంచీ ఇన్ని పోసిందా?" అన్నాడు ఆయాసంతో.

ఓదెమ్మ ఆకాశం వైపు చూసింది.

"ఎండలకు ఇంకిపోతున్నయి పటేలా. నువ్వు వచ్చేసరికి ఎండిపోతదేమోనని… పొద్దుగాల పొద్దుగాల నాలుగు కడవలు పోసెటోళ్లు పోసిన్రు. నేనైతే పొయ్యలే."

జగన్మోహన్ గుడిసె వైపు చూశాడు. సుమిత్ర ఎటో చూస్తోంది, పెదవులు బిగబట్టి. ఇంకో రోజైతే ఆయన ఊరు అదిరేటట్టు అరిచేవాడు. ఇప్పుడు మళ్లీ వంగి తోడాడు. ఎన్ని కడవలు పోసి ఉంటుందో అన్నీ తనవే అనుకున్నాడు.

జీపు వచ్చింది. ప్రెసిడెంటు దిగి వేదికెక్కాడు. మైకు గుర్రుమని మేలుకుంది.

"సోదరులు జగన్మోహన్ గారు ఎక్కడున్నా సరే, వెంటనే వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం. జగన్మోహన్ గారు! జగన్మోహన్ గారు!"

ఆయన పేరు గోదావరి మీదుగా అవతలి ఒడ్డు దాకా పోయి తిరిగి వచ్చింది. చెట్ల మీద పిట్టలు లేచాయి. ఇంత గట్టిగా ఆయన పేరు ఎవరూ ఎప్పుడూ పిలవలేదు, జైలు గేటు దగ్గర కూడా. మైకులో మూడోసారి, నాలుగోసారి పిలిచారు. ఆయన తల ఎత్తలేదు. పడవ మూలలో వేళ్లతో నీళ్లు కూడదీసి డబ్బాలోకి ఎత్తుతున్నాడు. కాసేపటికి వేదిక మీద వెంకట్రాం చెయ్యి పైకి లేచింది. చప్పట్లు కొట్టడానికి అక్కడ పెద్దగా జనం లేరు గానీ, దాంతో పలుగురేవు సర్పంచి ఎవరో తేలిపోయింది.

పడవ అడుగు చెక్కలు బయటపడ్డాయి. జగన్మోహన్ చివరి డబ్బా నదిలో పోసి, ఇంకా ఏ మూలనైనా తడి ఉందేమోనని మోకాళ్ల మీద వెతుకుతున్నాడు.

సుమిత్ర గుడిసె ముందు నుంచి లేచి నీళ్ల అంచు దాకా వచ్చింది. మైకు ఇంకా మోగుతూనే ఉంది. దాని మోత కింద, పక్కన నిలబడ్డ ఓదెమ్మకు కూడా సగమే వినబడేంత చిన్నగా పిలిచింది.

"జగన్మోహన్."

ఆయన వెంటనే తిరిగి చూశాడు.

"ఆఁ," అన్నాడు. "వస్తున్న."